ఈ కాలం వాళ్ల పాత బండ్లు

ఈమధ్య పాత మోటార్ సైకిళ్ల మీద జనానికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆదివారం పొద్దున మా విజయవాడ బందరు రోడ్డు మీద నిలబడితే జావాలు, యెజ్డీలు, మధ్యలో ఓ రాజ్‌దూత్ వరసకట్టి పోతుంటాయి. ట్యాంకులో మొహం చూసుకోవచ్చు, స్పోకులు ఎండకి మెరుస్తుంటాయి. సంతోషమే. కానీ టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు దగ్గరికెళ్లి "బాబూ, ఇంజన్‌లో ఏం పోయింది, ఎలా బాగుచేశారు?" అని అడిగి చూడండి. "షాపులో ఇచ్చానండీ, అంతా కొత్తదే వేశారు" అంటాడు బండి గలాయన. ఎంతైందో చెబుతాడు. ఏం చెడిందో చెప్పలేడు. నా బాధంతా అక్కడే.

మా రోజుల్లో బండి విప్పడం సరదా కాదు, గతిలేక చేసే పని. స్కూటర్ కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి కాచుకున్న కాలం అది. ఉన్న బండిని పోగొట్టుకుంటే మరోటి దొరికేది కాదు. మైసూరులో ఐడియల్ జావా వాళ్లు 1961లో బండ్లు తీయడం మొదలుపెట్టి 1996లో తలుపులు మూసేశారు. ఆ తర్వాత సామాను కావాలంటే పాత డీలర్ల అటకల మీద వెతకాలి, లేదా హైదరాబాదు పోయి ఎర్రగడ్డ ఆదివారం సంతలో నేలమీద పరిచిన తుక్కులో ఏరుకోవాలి. అక్కడా దొరక్కపోతే మా ఊరి ఆటోనగర్ లేత్ మేస్త్రీయే దిక్కు. అరిగిన బుష్షు చేతిలో పెడితే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏ లోహంతో చేయాలో, ఎంత వదులు ఉంచాలో ఆయనే చెప్పేవాడు. గన్ మెటల్ కడ్డీలోంచి సాయంత్రానికల్లా బుష్షు తయారయ్యేది. అది కంపెనీ బుష్షుకంటే ఎక్కువ కాలం నడిచిన సందర్భాలు నాకు తెలుసు.

ఆ మేస్త్రీలు మాకు మొదట నేర్పింది విప్పడం కాదు, విప్పకుండా చూడటం. ప్లగ్గు ఊడదీసి రంగు చూడమనేవారు. ఇటుక రంగులో ఉంటే బాగున్నట్టు. తడి మసి పట్టి ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువ తాగుతున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలక ఇంజన్ కాలుతున్నట్టు. అప్పటికీ తేలకపోతేనే హెడ్డు, సిలిండరు దించి, కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడాలి. పక్కలకు కాస్త కదిలితే ఫరవాలేదు, అది ఉండాల్సిందే. పైకీ కిందికీ 'టక్'మందంటే మాత్రం బిగ్ ఎండ్ బేరింగ్ పోయినట్టే. ఆ తర్వాత పిస్టన్ రింగు ఒక్కదాన్నే బోరులో పెట్టి, రెండు కొసల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో కొలవాలి. రింగుల అరుగుదల అయితే రింగులు మారిస్తే చాలు. సిలిండర్ అరిగితేనే బోరు కోయించాలి.

ఈ ఆఖరి మాట ఇప్పటివాళ్ల చెవిన పడటం లేదు. జావా 250 సిలిండరు బోరు 65 మిల్లీమీటర్లు. కోయించిన ప్రతిసారీ పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు దాకా పోయాక ఇంక ఓవర్‌సైజ్ పిస్టన్ దొరకడమే కష్టం. అంటే బోరు కోయించడమంటే సిలిండరు ఆయుష్షులో ఒక ముక్క ఖర్చుపెట్టడం. ఆలోచించి ఖర్చుపెట్టాలి. ఇవాళ బండి షెడ్డుకి రాగానే ఏదీ కొలవరు. సిలిండరు, పిస్టన్ కలిపి కిట్టు తెప్పిస్తారు, పాతది తుక్కులో పడేస్తారు. రోగి నాడి చూడకుండానే కత్తి పట్టినట్టుంటుంది. ఆ తుక్కులో పడ్డ సిలిండరు నిక్షేపంలాంటి పోత ఇనుము. ఇప్పుడొచ్చే చవకరకం కిట్టుల్లో ఆ నాణ్యత అన్నిటికీ ఉండదు. పోర్టుల అంచులు నున్నగా తీయకుండా వదిలేసినవి నా చేతులమీదుగా వెళ్లాయి. ఆ అంచుకి రింగు తగులుకుంటే ఇంజన్ గతి ఏమవుతుందో వేరే చెప్పాలా?

టైమింగ్ సంగతీ అంతే. పాయింట్ల మధ్య 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టి, సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ముక్కని ఆ పాయింట్ల మధ్య ఇరికించి, క్రాంకు మెల్లగా తిప్పుతూ కాగితాన్ని సుతారంగా లాగేవాళ్లం. కాగితం ఎక్కడ వదులైతే అక్కడే నిప్పురవ్వ పుడుతుంది. అప్పుడు పిస్టన్ పైకొసకి ఎంత దూరంలో ఉందో కొలిచి ప్లేటు జరిపేవాళ్లం. ఇంతకంటే మంచి పాఠం ఏ కాలేజీలోనూ చెప్పరని నా నమ్మకం. ఇంజన్ లోపల ఏ క్షణాన ఏం జరుగుతుందో ఆ కాగితం ముక్క వేళ్లకి చెప్పేది. ఇప్పుడు పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ పెట్టె తగిలిస్తున్నారు. తేలిగ్గా స్టార్టవుతుంది, కాదనను. కానీ పాయింట్లు చెడిపోయేముందు వారం రోజులు ఒకటో రెండో మిస్‌ఫైర్లతో చెబుతాయి. దారిలో ఆగినా గరుకు కాగితంతో రుద్దుకుని ఇల్లు చేరొచ్చు. పెట్టె పోతే లారీ ఎక్కించాల్సిందే. పైగా జావాలో పాయింట్లు తీసేశాక దాన్ని జావా అనడానికి నాకు మనసొప్పదు.

రంగుల గోల మరీ కడుపు మండిస్తుంది. బండి దొరకగానే ముందు ఫ్రేముకి ఇసుక కొట్టించి పౌడర్ కోటింగ్ చేయిస్తున్నారు. ఆ పూత మందం. మరల్లోకి దూరుతుంది, బేరింగులు కూర్చునే చోట పేరుకుంటుంది, చాసిస్ నంబరు అంకెల్ని పూడ్చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ పాత బండ్లలో కరెంటు తిరిగొచ్చేది ఫ్రేము మీదుగానే. ఆరు వోల్టుల బండి అది. ఎర్త్ దొరికే చోటల్లా ప్లాస్టిక్ లాంటి పూత పూశాక లైటు మిణుకుమిణుకుమంటుంది, హారన్ గొణుగుతుంది. అప్పుడు "జావా కరెంటు ఎప్పుడూ ఇంతేనండీ" అని బండిని తిడతారు. మా రోజుల్లో ఇంజన్ బోల్టుల కింద, డైనమో కింద లోహం తేలేదాకా గీకి, కాస్త గ్రీజు రాసి బిగించేవాళ్లం. ఆ లైటు వెలుగులో ఏలూరు దాకా రాత్రిపూట వెళ్లొచ్చిన వాణ్ణి నేను.

క్రోమియం సంగతి చెప్పనక్కర్లేదు. ఇనుము మీద రాగి, దానిమీద నికెల్, ఆపైన పల్చగా క్రోమియం. అసలు కాపలా కాసేది నికెల్, మెరుపు మాత్రమే క్రోమియానిది. ఇప్పుడు మెరుపొక్కటే చూస్తున్నారు. రాగి ఎగ్గొట్టి, నికెల్‌ని తాకీ తాకనట్టు ముంచి, మర్నాటికల్లా ఇచ్చేస్తారు. కృష్ణ ఒడ్డు గాలికి ఒక్క వానాకాలం గడిస్తే రిమ్ముల మీద తుప్పు చుక్కలు లేస్తాయి. ఫ్యాక్టరీ ప్లేటింగు మాసిపోయి ఉన్నా సరే, దాన్ని తుడిచి, మైనం రాసి ఉంచుకోమని మొత్తుకుంటాను. బుల్లెట్ ట్యాంకు మీది బంగారు గీతలు చెన్నై కర్మాగారంలో మనుషులు చేత్తో గీసినవి. అలాంటి గీతలున్న పాత ట్యాంకు చేతికొస్తే మన కుర్రాళ్లు గీకించి స్టిక్కరు అంటిస్తున్నారు! చెయ్యెలా ఆడుతుందో!

జావా సైలెన్సర్ల లోపలి గొట్టాలు పీకి చప్పుడు పెంచుకునేవాళ్లతో నాకు మాటల్లేవు. టూ స్ట్రోక్ ఇంజన్ ఊపిరి సగం ఆ సైలెన్సర్‌లోనే ఉంటుంది. మసి పడితే గొట్టాలు ఊడదీసి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి కడగాలి, అంతే.

కాలం మొత్తం చెడిందని అనడం లేదు. మాకు మాన్యువల్ జెరాక్స్ కాపీ దొరికితే పండగ. ఇప్పుడు విశాఖలో కూర్చున్న కుర్రాడు చెక్ దేశం నుంచి రబ్బరు సీళ్లు తెప్పించుకుంటున్నాడు. జులై రెండో ఆదివారం జావా, యెజ్డీ రోజని ఊరూరా బండ్లు బయటికి తీస్తున్నారు. 2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బండ్లకి 'వీఏ' అక్షరాలతో వేరే రిజిస్ట్రేషన్ కూడా పెట్టింది. బండి అసలు రూపంలో ఉండాలి, పెద్దగా మార్చకూడదు అన్నారు. ఆ షరతుకి చేతులెత్తి దండం పెడతాను. కానీ కొత్తగా నమోదుకి 20,000 రూపాయలు, ఆపైన ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేర్లకీ తప్ప రోజువారీ నడపకూడదనడం నాకు మింగుడుపడలేదు. కదలని ఇంజన్‌లో సీళ్లు ఎండిపోతాయి, బేరింగులకి తుప్పు పడుతుంది. కూరగాయలకో పోస్టాఫీసుకో వారానికి రెండుసార్లు తిరిగితేనే ఈ బండ్లు బతుకుతాయి.

దానికి తోడు పెట్రోలు. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఈ బండ్ల కోసం పుట్టింది కాదు. గాలిలో తడిని పీల్చుకుంటుంది. పాత రబ్బరు ఉబ్బుతుంది, ట్యాంకు అడుగున తుప్పు చేరుతుంది, కార్బొరేటర్ గిన్నెలో తెల్లటి పొడి పేరుకుంటుంది. వారం రోజులు బండి తీయనప్పుడు కాక్ కట్టేసి, కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజన్ నడిపి ఆపండి. ఇంతా చేసి లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల ఆయిల్ కొలిచి పోయకుండా అందాజాగా గుమ్మరించేవాళ్లూ ఉన్నారు.

వీటన్నిటికంటే ఎక్కువగా నన్ను తినేస్తున్నది ఆ చేతిపనివాళ్ల సంగతి. బుల్లెట్ చక్రానికి 40 స్పోకులు అల్లి, సుద్దముక్క ఆనించి వంకర తీసేవాళ్లు మా పేటలో ఇప్పుడొక్కరూ మిగల్లేదు. కొడుకులు సెల్‌ఫోన్ షాపులు పెట్టుకున్నారు. కిట్టులు తెప్పించుకునే చోట వాళ్లకి పనెవరిస్తారు? జావా డైనమో ఆర్మేచర్ చేత్తో చుట్టే పెద్దాయన ఒకరు ఆటోనగర్‌లో ఇంకా కొట్టు తీస్తున్నారు. నెలలో చాలా రోజులు నీళ్ల మోటార్లే చుట్టుకుంటున్నారు. మొన్న వెళితే, జావాది ఒకటి తీసుకురండి బాబుగారూ, చెయ్యి మర్చిపోతుందేమో అన్నారు. మీ షెడ్డులో కాలిపోయిన ఆర్మేచర్ ఉంటే తుక్కువాడికి వేయకండి. పాత తీగ విప్పకుండా, ఎన్ని చుట్లున్నాయో ఆయన లెక్కపెట్టుకునేలా అలాగే పట్టుకెళ్లి ఇవ్వండి.