మనుమరాలి చీటీకి టీకా తాత్పర్యము

అవతారిక

ఏ గ్రంథమునకైనను వ్యాఖ్య వ్రాయబూనువాడు కర్త యెవరు, కాలమేది, ప్రయోజనమేమి, అధికారి యెవడు అని మొదట నిర్ణయించుట పెద్దల మర్యాద. ఈ మూలమునకు కర్త్రి మా మనుమరాలు. తొమ్మిదవ తరగతి చదువుచు పియానో నేర్చుకొనుచున్నది. కాలము మొన్నటి బుధవారము ఉదయము, బడి బస్సు వచ్చుటకు రెండు నిమిషములు ముందు. ఆధారపత్రము పాల లెక్క వ్రాసికొను పుస్తకమునుండి చించిన సగము కాగితము. ప్రయోజనమేమన, తాను సాధన చేయుచున్న స్వరపత్రమును స్కానరుపై నుంచి, కంప్యూటరులోనికి దించి, సాఫ్ట్‌వేరుచేత చదివించి, ఎడమచేతి భాగమును యంత్రము మెల్లగా వాయించుచుండగా కుడిచేతి భాగమును తాను పట్టుకొనుట. అధికారి, అనగా ఈ కార్యమునకు అర్హుడు, ఉద్యోగ విరమణ చేసి యింట కూర్చున్న నేను.

స్వరపత్రమునకు కర్త యెవరనుట మాత్రము ఇంత సులభముగా తేలునది కాదు. అది 1725 నాటి ఆన్నా మగ్దలేనా బాఖ్ స్వరపుస్తకములోని జీ మేజర్ మిన్యుయెట్టు. పియానో ముందు కూర్చున్న ప్రతి పిల్లయు ఏనాడో ఒకనాడు వాయించి తీరవలసినది. చిరకాలము యోహాన్ సెబాస్టియన్ బాఖ్ రచనగా చెలామణియైన యీ కృతి, డ్రెస్డెన్ నగరపు ఆర్గను విద్వాంసుడు క్రిస్టియన్ పెట్‌జోల్డు దని 1970 తరువాతి పరిశోధనలో తేలినది. అయినను మా పుస్తకముపై బాఖ్ పేరే యున్నది. ఆలుమగలలో ఎవరును వ్రాయని కృతికి ఆ యింటిపేరు నిలిచిపోవుట మనకు వింతగాదు. దిక్కులేని చాటుపద్యములకెల్ల మన దేశమున శ్రీనాథుడే దిక్కు గదా!

మూలము

“తాతయ్యా, మిన్యుయెట్ పేజీ 300 డీపీఐలో, గ్రేలో స్కాన్ చెయ్యి. వంకర పోకూడదు. సాఫ్ట్‌వేర్ చదివాక ఒక్కసారి సరిచూడు, చాలు.”

టీక

తాతయ్యా = ఓ మాతామహుడా; మిన్యుయెట్ పేజీ = మూడు మాత్రల నడకగల నృత్యగీతము అచ్చైన పుటను; 300 డీపీఐలో = అంగుళమునకు మూడువందల బిందువుల చొప్పున; గ్రేలో = కేవల శ్వేతకృష్ణములుగా గాక ధూసరచ్ఛాయలతో; స్కాన్ చెయ్యి = ఛాయాపటముగా గ్రహింపుము (ఇది విధ్యర్థము; ప్రార్థనార్థమని కొందఱందురు గాని ఆ కొందఱికి మనుమరాండ్రు లేరు); వంకర పోకూడదు = రేఖలు ఒరగరాదు; సాఫ్ట్‌వేర్ చదివాక = యంత్రము పఠించిన పిమ్మట; ఒక్కసారి సరిచూడు = ఏకవారము పరిష్కరింపుము; చాలు = దీనికి అర్థము మూడు దినములు విచారించినను నాకు గోచరింపలేదు.

తాత్పర్యము

పుటను చక్కగా చిత్రించి యంత్రమున కిమ్ము; మిగిలినది అదియే చూచుకొనును.

విశేషములు

మెదకు సీమలోని కొలచెలమ గ్రామమువాడగు మల్లినాథసూరి, మూలములో లేనిది వ్రాయననియు, అనవసరమైనది చెప్పననియు ప్రతిజ్ఞ పట్టి కాళిదాసునకు వ్యాఖ్య వ్రాసెను. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగమును నేను పాటింతును. రెండవ సగమునకు నా వయస్సు అడ్డువచ్చుచున్నది. సాఫ్ట్‌వేరు సంగతి యెత్తితిమా, అది మొదటి సగమును సైతము పాటింపదు.

“300” అను సంఖ్య కవిసమయము గాదు, దానికి కారణమున్నది. అయిదు గీతలును కలిసి ఏడు మిల్లీమీటర్ల యెత్తున అచ్చయిన పుటను ఈ లెక్కన చిత్రించినచో గీతకును గీతకును నడుమ సుమారు 20 బిందువుల యెడము లభించును. యంత్రమునకు ఆ యెడమే కొలబద్ద. నోటు తల యెంత, కాడ యెంత, షార్పు గుర్తెంత అనునవన్నియు అది దానితోనే కొలుచును. నూరు బిందువుల చొప్పున చిత్రించితిమేని ఆ యెడము ఏడుకు దిగజారి, నిండు తలకును బోలు తలకును భేదము మాసి, రెండు మాత్రలు నిలువవలసిన స్వరము ఒక్క మాత్రకే రాలిపోవును. “గ్రే” అనుటయు సాభిప్రాయమే. స్కానరుచేతనే నలుపు తెలుపులు తేల్పించినచో అది సన్నని గీతలను తెలుపులో కలిపివేయును; ఆ తీర్పును సాఫ్ట్‌వేరునకే విడిచిపెట్టుట మేలు.

“వంకర పోకూడదు” అన్న వాక్యమునకై పుస్తకమును అద్దముపై బోర్లించి, వెన్నుదగ్గర పుట పైకి లేచి గీతలు విల్లువలె వంగుచుండుట చూచి, బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును మూతపై నుంచితిని. ఆ నిఘంటువు మా యింట అర్థనిర్ణయమునకు గాక బరువుకై అక్కరకు వచ్చుట అదియే మొదటిసారి.

ఇక “చదివాక”. ఈ మూలమునకు ప్రాణమును, ప్రమాదమును ఈ క్రియయే. 1501లో వెనిస్ నగరమున పెట్రూచి యనునాతడు చలనముగల అచ్చులతో బహుస్వర సంగీతమును తొలిసారి ముద్రించినపుడు గీతలనొకమారు, స్వరములనొకమారు వేర్వేరుగా అదే కాగితముపై అచ్చొత్తెను. అయిదువందల యేండ్ల తరువాత మన యంత్రము సరిగా ఆ పనినే వెనుకకు నడపును: అడ్డగీతలను మొదట గుర్తించి, వానిని ఊడ్చివేసి, మిగిలిన తలలను, కాడలను, కొక్కెములను ఏరి, వెనుకటి స్థానములనుబట్టి వానికి పేరులు పెట్టును. ఈ విద్యపై మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున డెనిస్ ప్రుస్లిన్ పరిశోధన గ్రంథము సమర్పించినది 1966లో. 1984 నాటికి జపానులోని వసేదా విశ్వవిద్యాలయమువారు నిర్మించిన వాబోట్-2 అను మరమనిషి కెమెరా కంటితో స్వరపత్రమును చూచి పది వ్రేళ్లతో ఆర్గను వాయించినది. నేడు ఆడివెరిస్ వంటి సాఫ్ట్‌వేరు ఉచితముగనే లభించును. అది చదివినదానిని మ్యూజిక్ ఎక్సెమ్మెల్ అను ఉమ్మడి రూపమునకు మార్చి మ్యూజ్‌స్కోర్ వంటి వేరొక సాఫ్ట్‌వేరునకు అప్పగింపవచ్చును. నేను ప్రయోగించినదాని పేరు చెప్పను. పాపము, అది చేయగలిగినంత చేసినది.

చూచుట వేరు, చదువుట వేరు. ఇందుకు చుక్క ఒక్కటి చాలును సాక్ష్యము. పాశ్చాత్య లిపిలో నోటు ప్రక్కన చుక్క యున్న దాని కాలము ఒకటిన్నర రెట్లగును. అదే చుక్క నోటు నెత్తిమీదనో కాలిక్రిందనో యున్న ఆ స్వరమును పుట్టుక్కున త్రుంచి పలుకవలెను. లావు నిలువుగీత ప్రక్కన రెండు చుక్కలున్న వెనుకకు మరలి మరల వాయింపవలెను. ఎడమచేతి క్లెఫ్ గుర్తు ప్రక్క రెండు చుక్కలున్న అవి ఎఫ్ అను స్వరపు గీతను చూపును. మన స్వరలిపిలోనో, నెత్తిన చుక్క తారస్థాయికి, క్రింద చుక్క మంద్రస్థాయికి గుర్తు. తెలుగువాడు నిండుసున్నకు అరసున్నకు భేదము పాటింపలేక ఒక శతాబ్దము తగవులాడెను. ఇంతటి చుక్కల లోకములోనికి ఏ సందేహమును లేక దిగు యంత్రమును చూచి నాకు మొదట గౌరవము కలిగెను. పిమ్మట స్కానరు అద్దముపైనున్న ఒక ధూళికణమును అది మొదటి బారులోని క్రోచెట్టు ప్రక్క చుక్కగా గ్రహించినది.

ఆ బారులో ఒక క్రోచెట్టు, నాలుగు క్వేవర్లు; ఒకటియు, నాలుగు అరలును కలిసి మూడు మాత్రలు. ధూళిమహిమచే అవి మూడున్నర యైనవి. గణభంగము! సాఫ్ట్‌వేరు ఈ బారు లెక్క సరిపోలేదని గుర్తుపెట్టి చూపినది గనుక సరిపోయినది. మన ఛందోవేత్తలు లఘువు గురువయిన చోటనే నిలిచి కవిని నిలదీసినట్లు, అది గణమును మాత్రము ఎఱుగును. లెక్క తప్పక అర్థము తప్పిన చోట్లను అది చూచి మందహాసము చేయును.

ఉదాహరణమునకు వంకగీత. ఒకే స్థాయి స్వరములు రెండింటిని కలిపిన వంక, రెండవదానిని పలుకనీయక మొదటిదానినే సాగదీయును. వేర్వేరు స్వరములను కలిపినచో, రెండును పలుకుచు నడుమ తెగక జారవలెను. మొదటిది సంధి, రెండవది సమాసము. గీత మాత్రము ఒక్కటే. యంత్రము నా పుటలో సమాసములను సంధులుగా కలిపినచోట్లు మూడు. ఇక పిల్లల పుస్తకము గావున నోట్లపై ఏ వ్రేలితో నొక్కవలెనో తెలుపు అంకెలుండును. బొటనవ్రేలు ఒకటి, చిటికెనవ్రేలు అయిదు. నడిమివ్రేలి “3” కనబడగానే యంత్రము దానిని త్రికముగా తలంచి, రెండు స్వరముల కాలములో మూడు స్వరములను ఇఱికించినది. గురువుగారు పెన్సిలుతో చుట్టిన సున్నను అదేమని గ్రహించినదో నేను నేటికిని నిర్ణయింపలేక దానిని ప్రక్షిప్తముగా పరిగణించి తొలగించితిని.

ఇవన్నియు లేఖక ప్రమాదములని సరిపుచ్చుకొనవచ్చును. సరిపుచ్చుకొనరానిది ఒకటి జరిగినది. జీ మేజరునకు ప్రతి వరుస మొదట ఒక షార్పు గుర్తు ఉండును. ఆ వరుసలోని ఎఫ్‌లన్నియు దానివలన అరమెట్టు పైకి పోవును. మొదటి వరుసలో ఆ గుర్తు యంత్రమునకు కనబడలేదు. బారులన్నియు మూడేసి మాత్రలతో నిండుగా నున్నవి, ఏ గుర్తును వెలుగలేదు, వాయించుమని నొక్కితిని. మూడవ బారు చివరి క్వేవరు దగ్గర నా చెవి చివుక్కుమన్నది. జీ అనుదానిని షడ్జముగా పట్టుకొన్నచో ఆ ఎఫ్ షార్పు కాకలి నిషాదము. షార్పు పోయిన అది కైశికి. ఇరువది తొమ్మిదవ మేళమగు శంకరాభరణము ఒక్క గుర్తు రాలిపోవుటచే ఇరువది యెనిమిదవదగు హరికాంభోజి యైనది! ఆ యంత్రమునకు రెండును సమానమే. ఏబది యేండ్ల క్రిందట నా భార్య సంగీతము మేష్టారు గోడ అవతలనుండి నాకు వినిపించిన పాఠము ఇన్నాళ్లకు ఒక జర్మను మిన్యుయెట్టునకు ఉపకరించినది.

ఇంతవరకు విన్న సహృదయుడు “అట్లయిన కంప్యూటరులో ఒక్కొక్క స్వరమును చేతితోనే ఎక్కింపరాదా” యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము బలమైనదే. ముప్పదిరెండు బారుల యీ చిన్న కృతికి అదియే తక్కువ శ్రమ యని నా తీర్పు. నూరు పుటల వాద్యగోష్ఠికి యంత్రము చేసిన తప్పుల ప్రతియే అసలు ప్రతి లేకుండుటకంటె నయము. కడపలో బ్రౌను దొర ఒకే కావ్యమునకు పలు తాటాకు ప్రతులు తెప్పించి పండితులచే పోల్చి చూపించెను గాని, తప్పులున్నవని ఏ ప్రతినిని పాఱవేయింపలేదు.

మరియొక పరీక్షయు చేసితిని. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురమున, తెలుగు లిపిలో, గమక చిహ్నములతో సహా అచ్చయినది. అందులోని ఒక పుటను అదే 300 చొప్పున, అదే గ్రేలో, వంకర లేకుండ చిత్రించి యంత్రమున కిచ్చితిని. కొంతసేపు ఆలోచించి, ఈ పుటలో పంచరేఖలు లేవు గనుక చదువుటకు సంగీతమేమియు లేదని అది తెలిపినది. ముత్తుస్వామి దీక్షితులవారి కృతులు నిండిన పుస్తకమును గూర్చి యింత క్లుప్తమైన విమర్శను నేనింతవరకు చదువలేదు.

“ఒక్కసారి” అను పదమునకు వ్యాఖ్య: బుధవారము ఉదయము తొమ్మిదింటికి మొదలిడి, శుక్రవారము సాయంకాలము దీపము పెట్టు వేళ వరకు. మొదటి సగము పదునారు బారులకు చివరనున్న రెండు పునరావృత్తి చుక్కలు జారిపోయిన సంగతి శనివారము మనుమరాలే కనిపెట్టి, ఆ సగమును రెండవమారు వాయింపక యంత్రము ముందుకు సాగిపోయినదని నవ్వినది.

ఇది శ్రీమన్మనుమరాలి ఆజ్ఞాబద్ధుడగు మాతామహునిచే విరచితమైన చీటీ వ్యాఖ్యానమునందు ప్రథమ పత్రము. రెండవ పత్రము శబ్దరత్నాకరము క్రింద స్కానరు మీదనే యున్నది.