చక్రాల సత్రం

‘చెన్నైలో లాడ్జికి డబ్బులు తగలేయడమెందుకు? కార్లోనే పడుకుంటే పోలా!’ ఇదీ మన శ్రీకాళహస్తి కుర్రకారు కొత్త పొదుపు మంత్రం. వెనక సీటు మడిచి పరుపు, కిటికీలకు కలంకారీ తెరలు. తడ దగ్గర హైవే ఎక్కితే బండి నేరుగా మెరీనాకే.

తిండికి చింత లేదు. కూలీనాలీ జనం కడుపు నింపడానికి 2013లో పెట్టిన చౌక క్యాంటీన్ అమ్మ ఉణవగం అక్కడ ఉండనే ఉంది. రూపాయికి ఇడ్లీ, 5 రూపాయలకు సాంబారన్నం. లక్షల కారు పక్కన ఆపి, రిక్షా కార్మికుడి వెనక వరసలో నిలబడి సెల్ఫీ! బడ్జెట్ యాత్ర అంటే అదీ.

అసలు తమాషా రాత్రికి. అద్దం దించితే దోమలు, ఎక్కిస్తే ఉక్క. వాయులింగం కొలువైన ఊరివాళ్లు గాలి కోసం అల్లాడి, ఇంజిన్ ఆపకుండా ఏసీ వేస్తారు. తెల్లారేసరికి మిగిలిన లాడ్జి అద్దె పెట్రోలు పాలు. మూసిన కార్లోకి చొరబడితే వాసనైనా తెలియకుండా ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ గురించి ఏ రీల్‌లోనూ చెప్పరు మరి.

రాహుకేతు పూజకు దేశమంతా మన ఊరికొస్తుంటే, మనోళ్లు టోలు, పార్కింగ్ అనే జంట గ్రహాలను వెతుక్కుంటూ పోతున్నారు. ఆ దోషానికి మాత్రం ఇక్కడ టికెట్టు లేదు నాయనా!