ఖాతా మూశాక కుక్కరు

పలకల ఊరు మార్కాపురంలో పుట్టినవాడికి తుడిస్తే పోనిది ఉంటుందని నమ్మకం కుదరదు. ఎంత తప్పు లెక్కకైనా కాస్త ఉమ్మి, చొక్కా అంచు చాలేవి. అందుకే ఓ షాపింగ్ యాప్‌లో ఖాతా నిబ్బరంగా మూసేశాను. నేను పోతున్నందుకు వాళ్లకు చాలా బాధగా ఉందట. ఆ బాధ వారం నిలవలేదు. "మీకు మాత్రమే" అంటూ కుక్కరు మీద తగ్గింపు పంపారు.

గిద్దలూరులో కంప్యూటర్ సెంటరు నడిపే మా బామ్మర్దికి ఫోన్ చేశాను. ఇట్లాంటివన్నీ వాడికి కంఠతా.

"నువ్వు పోయావు బావా, నీ వివరాలు పోలా. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఖాతా రద్దయినా రిజిస్ట్రేషన్ వివరాలు 180 రోజులు ఉంచాల్సిందే."

"ఎందుకురా?"

"నువ్వేదైనా వెధవపని చేసి పారిపోయుంటే పోలీసులు అడగరా?"

"నేను కొన్నది ఒక్క ఇడ్లీపాత్రరా!"

"అది విచారణలో తేలాలి."

బ్యాంకు ఖాతా మూసేస్తే మరీనట. మనీ లాండరింగ్ చట్టం కింద మన గుర్తింపు కాగితాలు 5 ఏళ్లు దాస్తారు. కనీస నిల్వ లేదని నెలనెలా జరిమానా కట్టిన నేను ఏ నల్లధనం దాచానని! ఫేస్‌బుక్ 30 రోజులు మనసు మార్చుకోమంటుంది, ఆపైన తుడవడానికి 90 రోజుల దాకా పడుతుందంటుంది. వాట్సాప్ తీసేసినా, మనం పంపిన గులాబీపూల శుభోదయాలు ఎదుటివాళ్ల ఫోన్లలోనే ఉంటాయి. పాపం వాళ్లు.

2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నిబంధనలొచ్చాయి, చాలావాటి అమలుకు 18 నెలల గడువుతో. 2 కోట్ల మంది వాడుకదారులున్న పెద్ద దుకాణం, మనం 3 ఏళ్లు ఆ గడప తొక్కకపోతే వివరాలు తుడిచెయ్యాలి. అదీ 48 గంటల ముందు మనకు కబురుచేసి. ఆ కబురు చూసి ఏందోనని లోపలికి తొంగిచూశామా, లెక్క మళ్లీ మొదటికి!

"మరి కుక్కరు సంగతేందిరా?"

"దాచమని చట్టం చెప్పింది గానీ అమ్మజూపమని చెప్పలా బావా."

మార్కాపురం, కంభం, గిద్దలూరు తాలూకాలు 1970లోనే కర్నూలు జిల్లా వదిలి ఒంగోలు వైపు వచ్చేశాయి. మా తాత స్థలం దస్తావేజులో మాత్రం ఇవ్వాళ్టికీ కర్నూలు జిల్లానే. కాకపోతే కర్నూలువాళ్లు ఇంతవరకూ మాకు కుక్కరు అంటగట్టబోలేదు.