తోలుబొమ్మకు ప్లగ్గు పెట్టినారు

మా రోజుల్లో హిందూపురం వాళ్లకు బెంగళూరంటే పొరుగూరే. మీటర్ గేజ్ ప్యాసింజరెక్కితే గౌరిబిదనూరు, మాకళిదుర్గ, దొడ్డబళ్లాపురం దాటేలోపు ఎదురుగా కూర్చున్నాయన ఇంటిపేరు, వియ్యంకుల ఊరు, ఆ ఏటి చింతపండు ధర అన్నీ తెలిసిపోయేవి. ధర్మవరం నేతాయన చీరల మూటకు ఆనుకుని, షావుకారును తిట్టుకుంటూ యలహంక దాకా వచ్చేవాడు.

ఇప్పుడు బెంగళూరులో కొడుకింట్లో నెలల తరబడి ఉంటున్నా, లిఫ్టులో రోజూ ఎదురయ్యే మనిషిది ఏ ఊరో తెలీదు. చెవుల్లో ఆ బిరడాలు పెట్టుకున్నాక ఎవరిని పలకరించేది? గేటుకాడ వాచ్‌మన్ ఒక్కడే నయం. పెనుకొండ దిక్కు మనిషి. "బువ్వ తింటివా పెద్దాయనా?" అంటాడు. అంత పట్నంలో నన్ను ఆ మాట అడిగేది అతనొక్కడే.

కోడలు మంచిది. ఆదివారమొస్తే నన్నెక్కడికో ఒకచోటికి తీసుకుపోతుంది. మొన్న హస్తకళల సంతలో మనవడు ఎగిరి గంతేశాడు, "తాతా, లైటు చూడు, భలే ఉంది!" అని. చూస్తే తోలుబొమ్మ. గుండ్రంగా చుట్టి, లోపల బల్బు పెట్టి, కింద ప్లగ్గు తగిలించినారు. ఒరే, అది లైటు కాదురా, సుగ్రీవుడురా!

మా ధర్మవరం మండలం నిమ్మలకుంట పనే అది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. మేక తోలును వెలుగు కనపడేదాకా గీకి, నగ నగకూ చిల్లులు పొడిచి, రంగులద్దే చేతులవి. మా చిన్నప్పుడు తెల్లపంచె తెర కట్టి, వెనక ఆముదం దీపాలు పెట్టి తెల్లవార్లూ ఆడేవాళ్లు. దీపం కదిలితే రావణుడి రొమ్ము ఎగిసిపడేది. జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి బూతులందుకుంటే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. గోనెపట్టా మీద బొరుగులు తింటూ మేం నిద్రపోతే, లంక తగలబడేటప్పుడు అవ్వ లేపేది. అట్లాంటి సుగ్రీవుణ్ణి సోఫా పక్కన వెలిగించి టీవీ చూస్తారంట. చేసినవాళ్లను అనను. ఆట ఆడించేవాళ్లు లేకపోతే వాళ్లేం తినాల?

నాటకాలకూ పోయినా. జేపీ నగర్‌లో అరుంధతీ నాగ్ పూనుకుని 2004లో తెరిచిన రంగశంకర ఉంది చూడండి, ఆట మొదలైతే తలుపు తీయరు. ఇది మాత్రం నాకు నచ్చింది. మా ఊళ్లో పెద్దమనిషి వచ్చి కూర్చునేదాకా హార్మోనియం వాయిస్తూనే ఉండేవాళ్లు. అయినా ఇదేం చూడ్డమప్పా! దగ్గితే పక్కవాళ్లు కొరకొరా చూస్తారు. కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యమెత్తుకుంటే వన్స్‌మోర్ అని అరిచి మూడుసార్లు పాడించిన నోళ్లు మావి.

రామనవమి కచేరీలు ఇంకా నడుస్తున్నాయి. చామరాజపేట కోట హైస్కూలు మైదానంలో 1939 నుంచీ జరుగుతున్నవే. మేం బండి దిగి నేరుగా పోయి, పందిరి బయట నిలబడి వినేవాళ్లం. కన్నడ జనం మధ్య త్యాగయ్య తెలుగు వింటుంటే కాళ్లనొప్పి తెలిసేది కాదు. ఈసారి కొడుకు టికెట్టు కొని కుర్చీలో కూర్చోబెట్టినాడు. పక్క కుర్చీ ఆయన తని ఆవర్తనం అయ్యేదాకా ఫోన్లో క్రికెట్టు చూస్తూనే ఉన్నాడు.

వచ్చే వారం పాత కుడ్యచిత్రాల ఫోటోల ప్రదర్శనకు పోదామంటోంది కోడలు. నిజం గోడలే లేపాక్షిలో ఉండగా ఫోటోలెందుకమ్మా, హిందూపురంలో మన ఇంటి నుంచి గట్టిగా అరగంట కదా అన్నా.

"ఎండలు తగ్గనీండి మామయ్యా" అంది.

హిందూపురంలో ఎండలు ఎప్పుడు తగ్గినాయని!