గురువును మించిన శిష్యులు, గ్యారంటీ

యాభై ఏళ్లలోపు మగవాడు పన్నెండు నిమిషాల్లో 800 మీటర్లు దాటగలిగితే, కాలేజీలో వ్యాయామ విద్య డైరెక్టర్ కావడానికి ఒంట్లో సత్తువ ఉన్నట్టే లెక్క. ఈ మాట నాది కాదు, యూజీసీ 2018 నిబంధనలది. ముప్పై ఏళ్లలోపు మగవాళ్లకు 1800 మీటర్లు, నలభైలోపు 1500, నలభై అయిదులోపు 1200, యాభైలోపు 800. ఏ వయసు మగవాడికైనా గడువు పన్నెండు నిమిషాలే. పరుగెత్తినా సరే, నడిచినా సరే. చివరి లెక్క ప్రకారం గంటకు నాలుగు కిలోమీటర్లు. అనంతపురం పల్లెల్లో చెనిక్కాయ చేనికి కలుపు తీయబోయే ఆడవాళ్లు ఒక చేత్తో సద్ది క్యారియర్, ఇంకో చేత్తో కొడవలి పట్టుకుని, పక్కింటి కోడలి సంగతంతా చెప్పుకుంటూ ఇంతకంటే వేగంగా పోతారు. ఎం.పీ.ఎడ్., నెట్ లేకపోబట్టి పాపం కూలికి పోతున్నారు.

ఇక శిష్యుడి సంగతి. మన రాష్ట్రంలో కానిస్టేబుల్ కావాలనుకునే కుర్రాడు 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పూర్తి చేయాలి. అంటే గంటకు పన్నెండు కిలోమీటర్లు, సారుకు మూడింతలు. అగ్నివీర్‌కు పోతే 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో ముగిస్తేనే పూర్తి 60 మార్కులు. గురువును మించిన శిష్యుడు కావాలని మన పెద్దలు ఎప్పట్నుంచో కోరుకుంటున్నారు. వాళ్లది వట్టి ఆశీర్వాదం. యూజీసీ దాన్ని గెజిట్‌కెక్కించింది.

సారు పరుగెత్తాలా, పరుగు నేర్పితే చాలదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అసలు తకరారు అక్కడే మొదలవుతుంది.

పిల్లలు ఆయన్ని పీడీ సార్ అంటారు. కోచ్ అని ఎవరూ అనరు, ఎందుకంటే డిగ్రీ కాలేజీలో కోచ్ అనే పోస్టే లేదు. ఉన్నది ఒక్క ఫిజికల్ డైరెక్టర్ పోస్టు. అదీ ఖాళీగా ఉన్నచోట కామర్స్ మేష్టారో తెలుగు మేష్టారో ఆటల ఇన్‌చార్జి. పీడీ ఉన్నచోట మాత్రం ఆయనకు క్షణం తీరదు. ఆగస్టు 15న జెండా తాడు ముడి ఊడకుండా చూడాలి. అడ్మిషన్లప్పుడు క్యూ సరిచేయాలి. సెమిస్టర్ పరీక్షల్లో స్క్వాడ్. ఫ్రెషర్స్ డేకి మైకు, కుర్చీలు, షామియానా. క్యాంటీన్ దగ్గర కొట్లాటైతే ప్రిన్సిపాల్ నోట వచ్చే మొదటి మాట ‘పీడీని పిలవండి’. ఇన్ని పనుల మధ్య ఇంటర్వల్ ట్రైనింగ్ ఇవ్వాలంటే నిజంగా ఇంటర్వల్‌లోనే ఇవ్వాలి.

ఇదంతా ఏదో మొహమాటానికి నెత్తినేసుకున్న చాకిరీ కాదు. పదోన్నతికి లెక్కలోకొచ్చే పనుల జాబితాలో విద్యార్థి జట్టుకు ఎంపిక కావడం ఉంది, కాదనను. దాని సరసనే వర్క్‌షాపులు పెట్టడం ఉంది, పరిశోధనా పత్రం అచ్చు వేయించడం ఉంది, అడ్మిషన్లలోనూ పరీక్షల్లోనూ సాయం చేయడమూ ఉంది. తెలివైనవాడు ఏం చేస్తాడు? ఎండలో నిలబడి ఒక పిల్లాణ్ణి మూడేళ్లు తీర్చిదిద్దితే, వాడు చివరికి మడమ బెణికించుకుని ఇంటికి పోవచ్చు. పత్రానికి మడమ ఉండదు. తెల్లవారుజామున అయిదింటికే విజిల్ మెళ్లో వేసుకుని గ్రౌండ్‌కొచ్చే పీడీలు లేరా అంటే ఉన్నారు, నేను చూశాను. వాళ్లు నింపాల్సిన ఫారంలో ‘పొద్దున అయిదు’ అనే గడి మాత్రం లేదు.

ఈ వ్యవస్థ అందమంతా చూడాలంటే అంతర్ కళాశాలల క్రాస్ కంట్రీ పోటీకి పోవాలి. దారి ఆరుబయటనో అడవిలోనో ఉండాలని, వీలైనంత వరకు గడ్డి పరుచుకుని ఉండాలని, సహజమైన అడ్డంకులు ఉండాలని అంతర్జాతీయ నిబంధన. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడే జిల్లాలో గడ్డి మొలిస్తే మేకలు ఊరుకుంటాయా? అడ్డంకుల విషయంలో మాత్రం నిబంధనను మించి పాటిస్తాం: కంపచెట్ల ముళ్లు, గులకరాళ్లు, వంక దాటాక పైపులైను కోసం తవ్వి పూడ్చని గుంత. ఆరింటికి మొదలు కావాల్సిన పోటీ ముఖ్య అతిథి రావడం ఆలస్యమై ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. అప్పటికి ఎండ చురుక్కుమంటుంటుంది. పిల్లలు ఎదమీద నంబరు గుడ్డను నాలుగు పిన్నీసుల బదులు రెండింటితో సరిపెట్టుకుని, పరుగులో అది ఎగరకుండా ఒక చేత్తో అదిమి పట్టుకుంటారు. మలుపు దగ్గర నిలబెట్టిన జూనియర్, అడ్డదారిన ఎవరూ రాకుండా, వచ్చినవాడి అరచేతిలో స్కెచ్ పెన్నుతో గీత గీస్తాడు. ఆ గీత చెమటకు చెరిగిపోతే పది కిలోమీటర్లూ చెరిగిపోయినట్టే.

జట్టు ఎంపిక ఇంకా ముచ్చటగా ఉంటుంది. సర్క్యులర్ మంగళవారం వస్తుంది, పోటీ శుక్రవారం. ఫుట్‌బాల్ ఆడేవాళ్లను ఇద్దరిని, కానిస్టేబుల్‌కు ప్రిపేరవుతున్నవాణ్ణి ఒకణ్ణి, హాస్టల్ కారిడార్‌లో ఎదురుపడ్డ సన్నటివాళ్లను ముగ్గురిని పట్టుకుంటే జట్టు తయారు.

‘నాకు అలవాటు లేదు సార్.’

‘రోజూ బస్టాండ్ నుంచి కాలేజీకి నడిచే వస్తావు కదరా అబ్బీ. అదే, కొంచెం బిరబిరా.’

మూడు రోజుల శిక్షణలో సారు ఇచ్చే సాంకేతిక సలహా ఒకటే, మొదట్లోనే ఉరకొద్దని. ఈ సలహాను ఆయన తన కెరీర్‌కు కూడా వర్తింపజేసుకున్నాడు.

అయితే ఈ జిల్లా నిజంగా పరుగెత్తుతూనే ఉంది. పొద్దున్నే ఏ గ్రౌండ్‌కు పోయినా, బైపాస్ పక్కన చూసినా గుంపులు గుంపులుగా యువకులు కనిపిస్తారు. వాళ్లకు నేర్పేది రిటైరైన జవానో, దేహదారుఢ్య పరీక్షలో తృటిలో తప్పిపోయి ఆ కసితో ఇంకొకరిని గట్టెక్కిస్తున్న కుర్రాడో. ఆయనకు పోస్టు లేదు, స్కేలు లేదు, ఆయన పేరున ఒక్క పేపరూ లేదు. ఉన్నదల్లా ఫోన్‌లో స్టాప్‌వాచ్. ఆయన కెరీర్ మొత్తం నోటిఫికేషన్ మీద ఆధారం, అది మాకు రెండో రుతుపవనం. 2022 నవంబరులో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది, 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయ్యాయి. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు 30న. పాసైనవాళ్లు దాదాపు రెండేళ్లు ఒంట్లో ఆ ఎనిమిది నిమిషాలను కాపాడుకుంటూ కూర్చున్నారు. ఒలింపిక్స్‌కు నాలుగేళ్ల ప్రణాళిక వేసే కోచ్‌లకైనా తేదీ ముందే తెలుస్తుంది.

పాసయ్యాక మాత్రం బోర్డులు చూడాలి. కుర్రాడి ఫోటో కింద ‘మా కళాశాల శిక్షణలో’ అని ఒక ఫ్లెక్సీ, ‘మా క్రీడా విభాగం ప్రోత్సాహంతో’ అని ఇంకొకటి. ద్రోణుడు కనీసం ఏకలవ్యుడికి తాను నేర్పనని ముందే చెప్పాడు.

మన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల ఘనత తెలియాలంటే 2020 జనవరికి, కర్ణాటకలోని మూడబిద్రికి పోవాలి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38, అనురాధా బిస్వాల్ పేరిట 2002 నుంచి ఉన్నది. పద్దెనిమిదేళ్ల రికార్డు పగిలిందని చప్పట్లు కొట్టారు. రికార్డుల పుస్తకంలోకి మాత్రం అది ఎక్కలేదు. ఆ అమ్మాయికి నాడా డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. 2022 మేలో సైప్రస్‌లో ఆమె 13.23 సెకన్లలో, అంటే మూడబిద్రి కంటే నిదానంగా పరుగెత్తింది. దాన్ని జాతీయ రికార్డు అన్నారు. హర్డిల్స్ పదే అనుకున్నాం. పదకొండోది ట్రాక్ మీద కనిపించదు.

నిజంగా శిక్షణ ఇచ్చినవాళ్లకేమైనా ఒరిగిందా? ద్రోణాచార్య అవార్డు పెట్టిన 1985లో అందుకున్న తొలి ముగ్గురిలో ఓ.ఎం. నంబియార్ ఒకరు. శిష్యురాలు పి.టి. ఉషకు అదే ఏడాది పద్మశ్రీ ఇచ్చారు. గురువుగారికి పద్మశ్రీ 2021లో వచ్చింది, ముప్పై ఆరేళ్లకు. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. మనవాడు నాగపురి రమేశ్‌కు 2016లో ద్రోణాచార్య దక్కింది. 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చిన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి ఆయన శిష్యురాలే. ఆయన భారత క్రీడా ప్రాధికార సంస్థ కోచ్‌గా పనిచేశారు. కాలేజీ పీడీ అయ్యుంటే ఈపాటికి పరీక్షల చీఫ్ సూపరింటెండెంట్‌కు అసిస్టెంట్‌గా ఎదిగి ఉండేవారు.

అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయం ట్రాక్ కోచ్ బిల్ బోవర్‌మన్ తన శిష్యుడు ఫిల్ నైట్‌తో కలిసి 1964లో పెట్టిన వ్యాపారమే తర్వాత నైకీ అయింది. బూటు అడుగుకు పట్టు దొరకాలని ఆయన భార్య వంటింట్లోని వాఫుల్ పెనంలో రబ్బరు పోసి ఆ పెనాన్ని పాడుచేశాడు. మన పీడీ ఒకాయన దోసె పెనంతో అలాంటి ప్రయోగం చేస్తే ఇంట్లో ఏమవుతుందో పక్కన పెట్టండి, ఆ పెనం స్టాక్ రిజిస్టర్‌లో ఎందుకు లేదని ఆడిట్ వాళ్లు అడుగుతారు.

సభల్లో ఒక మాట తరచూ వినబడుతుంది: ‘కరువు నేల బిడ్డలు, పరుగు వాళ్ల రక్తంలోనే ఉంది.’ వెంటనే కెన్యా ప్రస్తావన. కెన్యాలో ఇటెన్ అనే ఊరు 2,400 మీటర్ల ఎత్తున ఉంది, అనంతపురం 350 దాటదు; ఆ సంగతి వదిలేద్దాం. ఆ ఊరి సెయింట్ పాట్రిక్స్ బడికి 1976లో జాగ్రఫీ చెప్పడానికి ఐర్లండ్ నుంచి కొలమ్ ఓకానెల్ అనే మత బోధకుడు వచ్చాడు. కోచింగ్‌లో ఏ పట్టా లేదు. పిల్లలు పరుగెత్తుతుంటే దశాబ్దాల తరబడి పక్కనే నిలబడి చూశాడు. 800 మీటర్ల ప్రపంచ రికార్డు వీరుడు డేవిడ్ రుడీషా ఆయన చేతి కిందే తయారయ్యాడు. మన దగ్గరైతే ఆయన దరఖాస్తు నెట్ లేదని పరిశీలనలోనే పోయేది. రక్తంలో పరుగుందనడం ఎందుకు సౌకర్యమంటే, రక్తానికి జీతం ఇవ్వనక్కర్లేదు. మా జిల్లాలోనే, 2010లో రఫేల్ నడాల్ స్వయంగా వచ్చి తన పేరిట పెట్టిన టెన్నిస్ బడిని చూసుకుని పోయాడు. నెట్టు, రాకెట్టు, కోర్టు కావాల్సిన ఆటకు స్వచ్ఛంద సంస్థ ద్వారా నడాల్ సొంత దీవి మయోర్కా నుంచి దారి దొరికింది. ఏమీ అక్కర్లేని పరుగుకు, పక్కన నిలబడి చూసే ఒక మనిషిని ఇవ్వడానికి మాత్రం ఇక్కడి నుంచి ఇక్కడికే దారి దొరకడం లేదు.

ఇన్ని దాటుకుని యూనివర్సిటీ జట్టులోకెక్కి, అంతర్ విశ్వవిద్యాలయ క్రాస్ కంట్రీ పరుగెత్తి వచ్చిన పిల్లాడికి ఇంకో పోటీ మిగిలి ఉంటుంది. స్పోర్ట్స్ కోటాలో కేంద్ర ఉద్యోగానికి పెట్టుకోవాలంటే ఫారం-3 మీద యూనివర్సిటీ ఆటల డీన్‌దో, ఆ బాధ్యతలు చూసే అధికారిదో సంతకం ఉండాలి. కాలేజీ కాయితం లేనిదే అక్కడికి పోలేడు. వాడు గుత్తి నుంచి రెండోసారి వచ్చి ఆటల గది ముందు నిలబడతాడు. తలుపుకు తాళం.

‘సారు స్క్వాడ్‌కి పోయినారప్పా, సోమవారం రా’ అంటాడు అటెండరు.

‘మొన్న కూడా సోమవారమే అన్నారన్నా. బస్సు చార్జీలకే అయిపోతా ఉండాయి.’

‘పరిగెత్తేవానివే కదా, నీకు బస్సెందుకు?’