ఇల్లు పీకి పందిరి వేయడం ఎలా

శాన్ ఫ్రాన్సిస్కో బే చుట్టూ ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రమోన్, కూపర్టినో లాంటి శివారు ఊళ్ళలో కాపురాలు పెట్టిన తెలుగువాళ్ళకు ఏడాదికోసారైనా అడవిలో పడుకోవాలనిపిస్తుంది. అనిపించడంలో తప్పేమీ లేదు. వేసవి వచ్చాక అనిపించడమే తప్పు. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో గుడారం వేసుకునే జాగాలు ఆరు నెలల ముందు, ఉదయం 8 గంటలకు బుకింగుకు వస్తాయి. కాబట్టి జూలైలో కలగాల్సిన కోరిక జనవరిలో, సంక్రాంతి అరిసెలు అరగకముందే కలగాలి. మే చివర మెమోరియల్ డే సెలవులకు వెళ్ళాలంటే నవంబరులో, అంటే సుమారుగా కార్తీక మాసంలో, లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. అక్కడ ఊళ్ళో చుట్టాలు ఉసిరి చెట్టు కింద విస్తళ్ళు వేసుకుని ఫొటోలు పంపుతుంటారు. ఇక్కడ మనం ఆర్నెల్ల తర్వాతి వనవాసం కోసం గడియారంలో సెకన్లు లెక్కపెడుతుంటాం.

బుకింగుకు ఒక్కరే కూర్చోవడం అమాయకత్వం. మామూలుగా ఒక సైటుకు ఎనిమిది మందినే అనుమతిస్తారు. మనం బయల్దేరితే అయిదు కుటుంబాలు, అత్తమామలతో కలిపి ఇరవై పైచిలుకు. మూడు సైట్లు కావాలి, అవీ పక్కపక్కనే కావాలి, బాత్‌రూముకు దగ్గరగా ఉండాలి, వాసన మాత్రం రాకూడదు. అందుకని ఇంటికి రెండు లాప్‌టాపులు చొప్పున తెరవండి. ముందుజాగ్రత్తగా రెండు వారాంతాలకు బుక్ చేయండి, ఎవరికి ఏది కుదురుతుందో తర్వాత చూసుకోవచ్చు. ఆ ‘తర్వాత’ సాధారణంగా ప్రయాణానికి రెండు రోజుల ముందు వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. వెబ్‌సైటులో ఒక్క జాగా లేదని చూపించే శనివారం నాడు పార్కులో ఖాళీ సైట్లు ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిందిగా. ఈ బాధ పడలేకే 2023లో కాలిఫోర్నియా, ఆఖరి నిమిషంలో రద్దు చేసుకునేవాళ్ళకూ చెప్పకుండా ఎగ్గొట్టేవాళ్ళకూ గట్టిగా తగిలేలా ఒక చట్టమే చేసింది. అందరూ ఇదే చేస్తున్నారు కదా అని మనం సమాధానం చెప్పుకోవచ్చు. చట్టం అవసరమైంది కూడా అందరూ ఇదే చేస్తున్నందుకే.

చోటు ఎంచుకోవడంలో పెద్ద చిక్కులేదు. లివర్‌మోర్ దగ్గరి డెల్ వాల్యేలో జలాశయం ఉంది. గిల్‌రాయ్ పైన మౌంట్ మడోన్నా కొండ మీద కౌంటీ పార్కుకు అల్లంత దూరంలోనే హనుమంతుడి గుడి ఉంది కాబట్టి పుణ్యమూ పురుషార్థమూ ఒకే పెట్రోలు ఖర్చుతో తేలిపోతాయి. బిగ్ బేసిన్ పేరు చెప్పేవాళ్ళను మాత్రం ఆపండి. 1902లో ఏర్పడిన ఆ పార్కు రాష్ట్రంలోకెల్లా పాతది. 2020 ఆగస్టు మంటల్లో దాదాపు మొత్తం కాలింది, 2022లో పగటిపూట చూసిపోయేవాళ్ళకు తిరిగి తెరిచారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫొటోల్లో మాత్రం ఇంకా పచ్చగానే ఉంటుంది.

గుడారం: ఎనిమిది మందికని డబ్బా మీద రాసి ఉంటే నలుగురికి, గాలి పరుపులు వేస్తే ముగ్గురికి.

కట్టెలు: ఇంటి నుంచి తీసుకెళ్ళకండి, అక్కడే కొనండి. పుల్లల్లో దాక్కున్న పురుగులు కొత్త అడవిలో చెట్లను చంపుతాయి. కారు డిక్కీలో జాగా మిగలదు కాబట్టి ఈ ఒక్క నియమాన్ని మనవాళ్ళు తు.చ. తప్పకుండా పాటిస్తారు.

ఇక వంట. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకూడదు. రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్, అది సరిపోకపోతే ఇంకొకటి. అయిదు లీటర్ల కుక్కరు. దోసెల పెనం. ఐసుపెట్టెలో దోసెల పిండి, పొంగి మూత లేవకుండా చుట్టూ టేపు. కందిపొడి, కారప్పొడి, ఆవకాయ, పెరుగు, పిల్లలకు పాస్తా, పెద్దవాళ్ళకు రాత్రికి పుల్కాలు. పెళ్ళికెళ్తూ పిల్లిని చంకనపెట్టుకెళ్ళినట్టని ఎవరైనా ఎగతాళి చేస్తే వాళ్ళ కోసం మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: దారిలో శాకాహారం దొరకదు, అమ్మానాన్నలు బయటి తిండి తినలేరు, పిల్లలు రొట్టె ముక్క మీద రెండు రోజులు ఉండలేరు. ఈ మూడూ నిజాలే. కానీ వాటితో పులిహోర దాకానే వాదించగలం. చింతపండు పులుసు, నూనె, పోపు కలిసిన అన్నం ఐసుపెట్టె లేని కాలం నుంచీ ప్రయాణాలు చేస్తోంది. పెరుగన్నం, వేయించిన అటుకులు, నాలుగు అరటిపళ్ళు కలుపుకుంటే ఒకటిన్నర రోజు హాయిగా గడుస్తుంది. పెనం, పిండి, రెండో స్టవ్వు ఎందుకన్నదానికి ఈ జవాబులో చోటు లేదు.

అడవికి దీనివల్ల నష్టమేమిటి అనేది రెండో అభ్యంతరం. శాంటాక్రూజ్ కొండల్లోని రెడ్‌వుడ్ పార్కుల్లో ఒక్క మెతుకు కూడా నేల మీద వదలొద్దని బతిమాలుతూ బోర్డులు పెడతారు. శుభ్రత కోసమే అనుకుంటాం. మార్బుల్డ్ మర్రెలెట్ అనే చిన్న పక్షి ఒకటుంది. బతికేది సముద్రం మీద, గుడ్డు పెట్టేది మాత్రం తీరానికి దూరంగా, వందల ఏళ్ళ చెట్ల నాచు పట్టిన లావుపాటి కొమ్మల మీద. ఎంత గుట్టుగా పెడుతుందంటే, ఇక్కడ దాని గూడు మొదటిసారి మనిషి కంట పడింది 1974లో. బిగ్ బేసిన్‌లో కొమ్మలు కొట్టడానికి చెట్టెక్కిన ఒక పనివాడికి కనిపించింది. అది పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. క్యాంపుల దగ్గర రాలిన తిండికి మరిగి స్టెల్లర్స్ జే అనే నీలి పిట్టలు, వాటితోపాటు కాకులు గుంపులు కడతాయి. బల్ల మీద తిండి అయిపోయాక అవి కొమ్మల మీద వెతుకుతాయి. పక్క సైటువాళ్ళ చిప్స్ ముక్కలు కూడా ఇదే పని చేస్తాయి, నిజమే. కానీ చిప్స్ పొట్లానికీ, ఇరవై మందికి దోసెలు పోసిన బల్లకీ రాలే తిండిలో తేడా ఉంటుంది కదా.

అయినా మనం పెనం మోసుకెళ్ళడానికి కారణం ఆకలి కాదనిపిస్తుంది. వనంలోకి వెళ్ళడమంటే మనకు మొదటి నుంచీ భోజనమే. వనభోజనాల్లో ఎవరూ రాత్రికి ఉండరు, ఎవరూ నక్షత్రాలు చూడరు. వండుతారు, వడ్డిస్తారు, తింటారు, చీకటి పడకముందే బళ్ళెక్కుతారు. చక్కటి సంప్రదాయం, ఒక్క పూట వ్యవహారం. క్యాంపింగ్ దీనికి పూర్తిగా తిరగబడిన ఆట: తిండి నామమాత్రం, అసలు పని రాత్రి అక్కడ ఉండటం, ఏమీ చేయకుండా ఉండటం. ఆ ఏమీ చేయకపోవడమే మనకు చేతకాదు. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా ఎనిమిది గంటలు ఖాళీగా కనిపిస్తే భయం వేస్తుంది. అందుకే స్ప్రెడ్‌షీట్‌లో గంటగంటకూ ఒక గడి: నాలుగింటికి మిరపకాయ బజ్జీ, అయిదింటికి అంత్యాక్షరి, ఆరింటికి నిప్పు. ఆ గడులు నింపడానికి వంటంత బాగా పనికొచ్చేది ఇంకేదీ లేదు.

ఇక్కడ వెటకారం కాసేపు ఆపాలి. గడులు నింపేది అందరూ కలిసి కావచ్చు, స్టవ్వు దగ్గర నిలబడేది అందరూ కాదు. చాలా గుంపుల్లో గుడారం మేకులు కొట్టే పని మగవాళ్ళది, అది అరగంటలో అయిపోతుంది. ఆ తర్వాత వాళ్ళు అడవిలో ఉన్నట్టే. ఆడవాళ్ళు మాత్రం వంటింట్లోనే ఉంటారు, ఇంట్లో ఉన్న సింకు కూడా లేని వంటింట్లో. ఇంటి తిండి లేకపోతే ఎలా అనే ప్రశ్న ఎవరు అడుగుతున్నారో, పిండి ఎవరు రుబ్బుతున్నారో చూస్తే పైన చెప్పిన శాకాహారం వాదన కాస్త పలచబడుతుంది. మావాళ్ళలో మగవాళ్ళే పోస్తారు దోసెలు అనేవాళ్ళు ఉన్నారు. పోస్తారు, ఫొటో తీసేంతసేపు. గురువారం రాత్రి పప్పు నానబోసిందెవరో, ఉప్పు ఎక్కడ పెట్టామో ఎవరికి తెలుసో కూడా అడగాలి.

నిద్ర: రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. పాత పాటల స్పీకరు పదికి ఆపండి. ఆరున్నరకు కుక్కరు కూత వేస్తే నియమం తప్పినట్టు కాదు, పక్క సైటువాళ్ళు మాత్రం అలా అనుకోరు.

తిరుగు ప్రయాణం: మధ్యాహ్నం 12 కల్లా ఖాళీ చేయాలి. సైటు పక్కనుండే మంచినీళ్ళ కుళాయి దగ్గర గిన్నెలు తోమకూడదని బోర్డు ఉంటుంది, ఎందుకంటే జిడ్డు, మెతుకులు మట్టిలో చేరితే మళ్ళీ ఆ పిట్టలే వస్తాయి. కాబట్టి అంటు గిన్నెలన్నీ పెద్ద చెత్త సంచీలో మూటగట్టి డిక్కీలో పెట్టండి. ఆదివారం సాయంత్రం కార్లు దిగాక గుడారాలు గరాజులోకి పోతాయి. గాలి పరుపులు మరుసటి వారం సర్దుకోవచ్చు. గిన్నెల మూట ఎవరింట్లో దిగుతుందన్నది స్ప్రెడ్‌షీట్‌లో ఎవరూ రాయరు, దిగిన ఇంట్లో దాన్ని ఎవరు విప్పుతారన్నది అసలే రాయరు.