నేను వైర్ ఫీడర్‌ని

విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్డులో ఉంటాను. సీఓటూ వెల్డింగ్ మిషన్‌కీ వెల్డర్ చేతిలోని టార్చ్‌కీ నడుమ నా చోటు. వీపున పదిహేను కిలోల రాగిపూత తీగ చుట్ట, కడుపులో 24 వోల్టుల డీసీ మోటారు, గాడి తీసిన రోలరు, తీగ జారకుండా పైనుంచి అదిమే చెయ్యి. ట్రిగ్గర్ నొక్కగానే గ్యాస్ వదులుతాను, తీగ తోస్తాను. మా పద్ధతిలో తీగ వేగాన్ని బట్టే కరెంటు. నేను ఆగి ఆగి తోస్తే ఆర్క్ చిటపటమంటుంది, అతుకు ముద్దలు ముద్దలుగా పడుతుంది.

మా వంశం 1948లో అమెరికాలోని బాటెల్ సంస్థలో పుట్టింది. అప్పట్లో వాడిన గ్యాస్ ఖరీదైనది. 1953లో కార్బన్ డయాక్సైడ్ వాడకం మొదలయ్యాకే ఉక్కు పనివాళ్లకు అందుబాటులోకి వచ్చాం.

నాకున్న బాధ ఒక్కటే. తీగ ఆగిందంటే అందరి చెయ్యీ ముందు నా పీక మీదికే వస్తుంది. మొన్న టిప్పర్ తొట్టికి అతుకులు వేస్తుంటే అదే జరిగింది. తీగ తడబడింది. కుర్రాడు గబగబా వచ్చి ప్రెషర్ స్క్రూ బిగించాడు. కాసేపు నడిచింది. మళ్లీ ఆగింది, మళ్లీ బిగించాడు. ముందుకు దారిలేక తీగ రోలరుకీ గైడుకీ మధ్య మెలికలు తిరిగి ఉండకట్టుకుంది.

మేస్త్రీ వచ్చి మూత తెరిచాడు. రోలరు కింద రాగిరంగు పొడి రాలి ఉంది. వేలితో తీసి చూపించాడు.

"ఒరే అబ్బాయ్, ఇది ఎక్కడిదనుకున్నావ్? నువ్వు బిగించిన కొద్దీ తీగ నలిగి రాలిన పొడి. ఇదంతా కేబుల్ లోపల తీగ నడిచే లైనర్‌లోకే పోతుంది. ముందు టార్చ్ కొసనున్న టిప్ విప్పు."

టిప్ విప్పినా తీగ భారంగానే వచ్చింది. అదిమే చెయ్యి పైకెత్తి నడిపితే రోలరు ఒకే తీరున తిరిగింది. మోటారుకు జబ్బు లేదని తేలింది. మిషన్ ఆపేసి, ఉండకట్టిన తీగను రోలరు దగ్గర కత్తిరించి, టార్చ్ కేబుల్ తిన్నగా పరిచి, కొసను కటింగ్ ప్లేయర్‌తో లాగాడు. గట్టిగా పట్టేసింది. రోగం లైనర్‌లో ఉంది. బయటికి లాగితే స్ప్రింగులాంటి ఆ గొట్టం టార్చ్ మెడ దగ్గర నొక్కుకుపోయి, నల్లటి మడ్డితో పూడిపోయి కనిపించింది.

కొత్త లైనర్ వేశాడు. దాన్ని కొలిచి కోయడంలోనే పనితనమంతా ఉంది. పొట్టిగా కోస్తే టిప్ వెనక ఖాళీ మిగిలి తీగ అక్కడ తట్టుకుంటుంది. రోలరు మీద 1.2 అన్న అంకె తీగ సైజుకు సరిపోయిందో లేదో చూశాడు. స్క్రూ పూర్తిగా వదులు చేసి, తీగ జారకుండా నడిచేంత మటుకే మళ్లీ బిగించాడు. ట్రిగ్గర్ వదిలాక చుట్ట తనంతట తాను తిరగకుండా బ్రేకు సరిచేశాడు. ఆ పూట తొట్టి అతుకు మొదటినుంచి చివరిదాకా ఒకే వెడల్పున పడింది.

వెల్డర్ అన్నలారా, తీగ తడబడితే నా స్క్రూ జోలికి రాకముందు టిప్ విప్పి చూడండి, లైనర్ చూడండి. చుట్ట మార్చిన ప్రతిసారీ టార్చ్‌లోకి కంప్రెసర్ గాలి కొట్టండి. షెడ్డు మూసేటప్పుడు నా మూత వేసి వెళ్లండి.